థాయిలాండ్ లేని ఫైనల్

2018 ఆసియా క్రీడల సెపక్ తక్రా (నెట్ మీదుగా బంతిని కాలితో ఆడే ఆట) పోటీలు ఇండోనేషియాలోని పాలెంబాంగ్‌లో జరిగాయి. పురుషుల రెగూ (ముగ్గురేసి ఆడే పోటీ) ఫైనల్లో మలేసియా సింగపూర్‌ను ఓడించి స్వర్ణం గెలుచుకుంది. 1994లో హిరోషిమాలో గెలిచాక ఈ ఆటలో ఆసియా క్రీడల స్వర్ణం మళ్లీ చేతికి రావడానికి ఆ దేశానికి 24 ఏళ్లు పట్టింది కాబట్టి, అక్కడి అభిమానులు సంబరపడడంలో వింతేమీ లేదు. అయితే ఆ పోటీలో థాయిలాండ్ లేదు. ముందు రౌండ్లలో ఓడి ఇంటిదారి పట్టలేదు, గాయాల వల్ల తప్పుకోలేదు, ఎవరి మీదా అలిగి బహిష్కరించలేదు. ఆసియా క్రీడల సెపక్ తక్రాలో ఏ దేశమైనా పురుషుల విభాగంలో రెండు, మహిళల విభాగంలో రెండు ఈవెంట్లకు మించి పోటీపడకూడదన్న పరిమితి ఉంది. ఆ ఏడాది థాయిలాండ్ పురుషుల్లో టీమ్ రెగూను (మూడు రెగూలు వరుసగా తలపడే పోటీ), టీమ్ డబుల్స్‌ను ఎంచుకుని రెండింట్లోనూ స్వర్ణాలు గెలిచి, రెగూను వదిలేసింది. అది వదిలేసిన స్వర్ణం కోసం మిగిలిన దేశాలు పోటీపడ్డాయి.

ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అన్న సామెతను ఇక్కడ మలేసియా మీద ప్రయోగించడం తేలికే గాని, అన్యాయం. ఆ జట్టు తన ముందుకు వచ్చిన ప్రతి ప్రత్యర్థినీ ఓడించింది. రాని ప్రత్యర్థిని ఓడించలేదని ఎవరినీ నిందించలేం. నా అభ్యంతరమంతా ఆ నిబంధన మీదే. బలహీన దేశాలకు మేలు చేయడానికని పెట్టిన ఈ పరిమితి వాటికి పతకాలను పంచిపెట్టింది గాని, అవి పైకెదగడానికి పనికి రాలేదనీ, పైగా ఆ పతకాల విలువను అదే తగ్గించిందనీ నేను నమ్ముతున్నాను. సెపక్ తక్రా అంతర్జాతీయ పోటీలను కొన్నేళ్లుగా వీలైనంత శ్రద్ధగా గమనిస్తున్న ప్రేక్షకుడిగా, ఈ నమ్మకానికి నాకున్న కారణాలను ఇక్కడ వివరంగా రాయదలిచాను.

ఆట తెలియని పాఠకుల కోసం ముందు ఆట గురించి కొంత చెప్పాలి. కోర్టు కొలత బ్యాడ్మింటన్ డబుల్స్ కోర్టు కొలతే: పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1 మీటర్లు. మధ్యలో కట్టిన నెట్ పురుషులకు 1.52 మీటర్ల ఎత్తున, మహిళలకు 1.42 మీటర్ల ఎత్తున ఉంటుంది. బంతిని పూర్వం పేము బద్దలతో అల్లేవారు, ఇప్పుడు సింథటిక్ పట్టీలతో అల్లుతున్నారు. పురుషుల బంతి బరువు 170 నుంచి 180 గ్రాములు మాత్రమే. రెగూ అంటే ముగ్గురు ఆటగాళ్ల జట్టు. చేతులు తప్ప కాలు, మోకాలు, ఛాతీ, తల దేనినైనా వాడవచ్చు. బంతిని మూడు తాకిళ్లలోపు అవతలి వైపుకు పంపాలి. వాలీబాల్‌లా కాకుండా ఆ మూడు తాకిళ్లనూ ఒకే ఆటగాడు వరుసగా తీసుకోవచ్చు. సర్వీస్ చేసే ఆటగాడిని టెకాంగ్ అంటారు. కోర్టు వెనుక భాగంలో 30 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో గీసిన వృత్తంలో అతడు ఒక కాలు ఆన్చి నిలబడితే, నెట్ దగ్గరి పావు వృత్తంలోంచి సహచరుడు చేత్తో బంతిని అందిస్తాడు. టెకాంగ్ రెండో కాలిని తన తలకన్నా ఎత్తుకు లేపి దానిని నెట్ మీదుగా తంతాడు. మొత్తం ఆటలో బంతికి చేయి తగలడానికి అనుమతి ఉన్నది ఆ ఒక్క క్షణంలోనే.

చూసేవాళ్లు మొదట మనసు పారేసుకునేది మాత్రం స్పైక్ దగ్గర. ఫీడర్ పాదంతోనో తలతోనో బంతిని నెట్ పక్కనే నిలువుగా లేపుతాడు. స్ట్రైకర్ నెట్టుకు వీపు పెట్టి ఎగిరి, గాలిలోనే తలకిందులై, బంతిని వెనక్కి, అంటే ప్రత్యర్థుల కోర్టులోకి, కిందికి తన్ని, ఒళ్లు పూర్తిగా తిప్పుకుని కాళ్ల మీద దిగుతాడు. సరిగ్గా అదే సమయానికి ప్రత్యర్థి ఒకడు తన కాలినో వీపునో నెట్ మీద అడ్డుపెట్టి ఎగురుతాడు. ఈ విన్యాసం సర్కస్‌లా కనిపించినా సర్కస్ కాదు. ఫీడర్ ఇచ్చిన బంతి ఒక జానెడు నెట్ వైపుకు జరిగినా స్ట్రైకర్ పాదం నెట్టుకు తగులుతుంది, పాయింటు పోతుంది. ఇద్దరి మధ్య ఇంత సూక్ష్మమైన పొందిక ఏళ్ల తరబడి కలిసి ఆడితే తప్ప కుదరదు. ఈ సంగతిని గుర్తుపెట్టుకోమని కోరుతున్నాను, ఎందుకంటే నా వాదనలో ఇది మళ్లీ వస్తుంది.

సర్వీస్ చేసే జట్టుకు ఈ ఆటలో అనుకూలత ఎక్కువ. మంచి టెకాంగ్ ఉంటే ప్రత్యర్థి తొలి తాకిడిలోనే తడబడుతుంది, ర్యాలీ మొదలుకాకుండానే ముగుస్తుంది. థాయిలాండ్ టెకాంగ్ సుయెబ్‌సాక్ ఫాన్‌సుయెబ్ పాదం పైభాగంతో చేసే సర్వీస్‌కు ఎంత పేరుపడ్డాడంటే, అతడి ముద్దుపేరులోనే ఆ మాట చేరిపోయింది. ఈ అనుకూలతను తగ్గించడానికే, పాయింటు ఎవరు గెలిచినా సంబంధం లేకుండా ఒక్కొక్క జట్టు మూడేసి సర్వీసులు చేసి మారాలన్న నిబంధన తెచ్చారు. సెట్‌కు ఎన్ని పాయింట్లన్నది 15 నుంచి 21కీ, మళ్లీ వెనక్కీ మారుతూ వచ్చింది. ఇలాంటి మార్పుల మీద నాకు ఫిర్యాదు లేదు. అవి ఇరు జట్లకూ సమానంగా వర్తిస్తాయి, ఆటను మెరుగుపరచడానికి చేసినవి. ఎవరు ఆడాలి, ఎవరు ఆడకూడదు అన్నదాని జోలికి అవి పోలేదు.

ఈ ఆట మీద హక్కు ఎవరిదన్న తగవు పాతది. నెట్ కట్టి ఆడే పద్ధతి 1930లలోనే తమ దగ్గర మొదలైందని థాయి వారు చెబుతారు. 1945లో పెనాంగ్‌కు చెందిన హమీద్ మైదీన్ నెట్ కట్టి ఆడించడంతోనే ఆధునిక ఆట పుట్టిందని మలేసియా వారంటారు. 1965లో కౌలాలంపూర్‌లో జరిగిన ఆగ్నేయాసియా ద్వీపకల్ప క్రీడల్లో ఇది పతకాల పోటీగా ప్రవేశించింది, ఆసియా సమాఖ్య కూడా ఆ ఏడాదే ఏర్పడింది. థాయిలాండ్‌లో జరిగే కింగ్స్ కప్ ప్రపంచ పోటీలు 1985లో మొదలయ్యాయి. అంతర్జాతీయ సమాఖ్య 1988లో ఏర్పడింది. మహిళల ప్రపంచ పోటీలు 1997 దాకా లేవు. అంటే కాగితం మీద ఈ ఆట అంతర్జాతీయమై నిండా అరవై ఏళ్లు దాటినా, పోటీల పరంగా చూస్తే బాల్యం ఇటీవలే వదిలింది.

ఆసియా క్రీడల్లో పతకాల పోటీగా ఇది 1990లో బీజింగ్‌లో మొదలైంది. అక్కడి రెండు స్వర్ణాలూ మలేసియావే. 1994లో హిరోషిమాలో ఉన్నది ఒకే ఒక్క స్వర్ణం, అదీ మలేసియాదే. 1998లో క్రీడలు బ్యాంకాక్‌కు వచ్చేసరికి స్వర్ణాల సంఖ్య ఒక్కసారిగా ఆరుకు పెరిగింది. మహిళల పోటీలు చేరాయి, నెట్ లేకుండా వలయంగా నిలబడి ఆడే సర్కిల్ పోటీ చేరింది. అక్కడి నుంచి పైచేయి థాయిలాండ్‌ది. తర్వాత సర్కిల్ పోయి డబుల్స్ వచ్చింది, ఆ పైన నలుగురేసి ఆడే క్వాడ్రంట్ వచ్చింది. రెగూ, మూడు రెగూలు వరుసగా తలపడే టీమ్ పోటీ మాత్రమే స్థిరంగా నిలిచాయి. తరచూ జాబితా మారే ఆటలో మూడు ఆసియా క్రీడల చరిత్రను పక్కపక్కన పెట్టి పోల్చడం కూడా కష్టమే.

ఇప్పుడు పరిమితి ఫలితాలను చూద్దాం. 2010లో గ్వాంగ్‌జౌలో థాయిలాండ్ పురుషుల, మహిళల రెగూ, టీమ్ పోటీలను ఎంచుకుని నాలుగు స్వర్ణాలూ గెలిచింది. థాయిలాండ్ ఎంచుకోని రెండు డబుల్స్ స్వర్ణాలూ మయన్మార్‌కు వెళ్లాయి. 2014లో ఇంచియాన్‌లో అచ్చంగా అదే కథ నడిచింది: నాలుగు థాయిలాండ్‌కు, రెండు మయన్మార్‌కు. 2018లో థాయిలాండ్ మళ్లీ నాలుగు గెలిచింది; రెగూ మలేసియాకు, పురుషుల క్వాడ్రంట్ ఆతిథ్య దేశం ఇండోనేషియాకు దక్కాయి. 2022 క్రీడలు ఒక ఏడాది ఆలస్యంగా 2023లో హాంగ్‌జౌలో జరిగాయి. అక్కడా రెగూ, టీమ్ పోటీల నాలుగు స్వర్ణాలూ థాయిలాండ్ గెలిచింది, పురుషుల క్వాడ్రంట్‌ను మయన్మార్, మహిళల క్వాడ్రంట్‌ను వియత్నాం గెలుచుకున్నాయి. నాలుగు క్రీడలు, అడుగుపెట్టిన 16 ఈవెంట్లు, 16 స్వర్ణాలు. నేనెరిగిన అంతర్జాతీయ క్రీడల్లో ఇంత నికరమైన ఆధిపత్యం అరుదు.

ఈ లెక్కను రెండు విధాలుగా చదవవచ్చు. పరిమితిని సమర్థించేవారు దీనినే తమ వాదానికి ఆధారంగా చూపిస్తారు: పరిమితి లేకపోతే ఆరుకు ఆరూ థాయిలాండే పట్టుకుపోయేది, అప్పుడు మిగిలిన దేశాలు ఈ ఆటలో డబ్బెందుకు పెడతాయి, చివరికి ఆసియా క్రీడల జాబితాలోంచి ఆటే తొలగిపోతుంది కదా అంటారు. ఈ వాదనను నేను తేలిగ్గా తీసిపారేయను. ఆసియాలో చాలా ప్రభుత్వాలు క్రీడా సంఘాలకు నిధులిచ్చేటప్పుడు మొదట అడిగేది పతకాల గురించే. మయన్మార్ లాంటి దేశానికి 2010లోనూ 2014లోనూ మొత్తం ఆసియా క్రీడల్లో వచ్చినవి రెండేసి స్వర్ణాలు, అవి ఈ ఆటలోవే. ఆ రెండూ లేకపోతే ఆ దేశంలో సెపక్ తక్రా సంఘం పరిస్థితి ఏమై ఉండేదో ఊహించడం కష్టం కాదు.

కానీ నా చదువు వేరు. ఒక నిబంధనను సమర్థించడానికి 'ఇతరులు ఎదగడం కోసం' అన్న కారణం చెప్పినప్పుడు, ఇతరులు నిజంగా ఎదిగారా అన్నదే దాని పరీక్ష. 2010 నుంచి 2023 దాకా పదమూడేళ్లలో ఆసియా క్రీడల్లో థాయిలాండ్ ఆడిన ఏ ఒక్క ఈవెంట్‌లోనూ మరో దేశం స్వర్ణం గెలవలేదు. బలహీనుడికి ఊతకర్ర ఇచ్చి, పదమూడేళ్ల తర్వాత కూడా అతడు అదే కర్రతో అంతే దూరం నడుస్తున్నాడంటే, లోపం కాళ్లలోనే ఉందని అనుకోవడం కన్నా కర్రను అనుమానించడం మేలు. పైగా పరిమితి ఒక తప్పుడు ప్రోత్సాహాన్ని ఇస్తుంది. స్వర్ణం కావాలనుకునే రెండో శ్రేణి దేశం తన ఉత్తమ ఆటగాళ్లను రెగూకు సిద్ధం చేయాలా, క్వాడ్రంట్‌కా? థాయిలాండ్ ఏవి వదిలేస్తుందో ముందే ఊహించి అటువైపు మళ్లించడం తెలివైన నిర్ణయం. ఫీడర్‌కీ స్ట్రైకర్‌కీ మధ్య పొందిక ఏళ్ల తరబడి ఆడితే తప్ప రాదని పైన చెప్పాను. ఆ ఏళ్లను థాయిలాండ్‌ను ఓడించడానికి కాక థాయిలాండ్‌ను తప్పించుకోవడానికి ఖర్చుపెట్టేలా ఈ నిబంధనే దేశాలను నడిపిస్తోంది.

ఇతర క్రీడలు ఇలాంటి చిక్కును ఎలా విప్పుకున్నాయో చూస్తే తేడా మరింత తేటపడుతుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్ టేబుల్ టెన్నిస్ సింగిల్స్‌లో పురుషుల మూడు పతకాలనూ, మహిళల మూడు పతకాలనూ చైనా వారే గెలిచారు. 2012 నుంచి సింగిల్స్‌లో ఒక్కో దేశానికి ఇద్దరే అన్న పరిమితి వచ్చింది. అది కూడా చైనాను దృష్టిలో పెట్టుకున్నదేనని అందరికీ తెలుసు, నాకు కొంత అసంతృప్తి ఉన్నా ఆ నిబంధనను నేను ఒప్పుకోగలను. కారణం ఒక్కటే: ఒక చైనా ఆటగాడి చోటు తగ్గింది గాని, స్వర్ణం కావాలనుకున్న ప్రతి ఒక్కరూ ఇప్పటికీ అత్యుత్తమ చైనా ఆటగాళ్లను దాటే వెళ్లాలి. 2012లో రెండు ఫైనల్సూ చైనా ఆటగాళ్ల మధ్యే జరిగాయి, కాంస్యం మాత్రం ఇతర దేశాలకు అందింది. సెపక్ తక్రాలో ఒక ఈవెంట్‌లో ఒక దేశానికి ఒకే జట్టు. అంటే టేబుల్ టెన్నిస్ పెట్టుకున్న పరిమితి కన్నా కఠినమైనది ఇక్కడ ముందు నుంచీ ఉంది. దాని మీద మరో పరిమితి పెట్టడం వల్ల తగ్గింది ఛాంపియన్ దేశపు జట్ల సంఖ్య కాదు, మొత్తం ఈవెంట్‌లోంచి ఛాంపియనే మాయమైంది.

ఆగ్నేయాసియా క్రీడల సంగతి ఇంకొంచెం వేరు, కానీ మూలం అదే. అక్కడ ఏ ఆటలు పెట్టాలో, ఏ ఈవెంట్లు పెట్టాలో నిర్ణయించడంలో ఆతిథ్య దేశానికి చాలా స్వేచ్ఛ ఉంది. 2013లో మయన్మార్ తన సంప్రదాయ ఆట చిన్‌లోన్‌ను పోటీగా ప్రవేశపెట్టింది. చిన్‌లోన్ నాకు ఇష్టమైన ఆట. నెట్ లేకుండా, ప్రత్యర్థి లేకుండా, వలయంలో నడుస్తూ బంతిని నేల తాకకుండా కాలితో ఆడించే ఆ విద్య అందంలో సెపక్ తక్రాకు ఏమాత్రం తీసిపోదు. దానిని నలుగురికీ చూపించాలన్న కోరిక తప్పు కాదు. అయితే తన ఇంట్లో పుట్టిన ఆటకు తానే న్యాయమూర్తులను కూర్చోబెట్టి తానే పతకాలు గెలిచే పద్ధతికి ప్రతి ఆతిథ్య దేశమూ తన వంతు వచ్చినప్పుడు అలవాటు పడితే, ఆ క్రీడల్లో పతకాల పట్టికను ఎవరూ గంభీరంగా తీసుకోరు. నిజానికి ఇప్పటికే చాలామంది తీసుకోవడం లేదు.

2017లో కౌలాలంపూర్‌లో జరిగిన ఘటనను కూడా ఇక్కడే చెప్పాలి. ఆగ్నేయాసియా క్రీడల్లో ఆతిథ్య మలేసియాతో ఆడుతున్న ఇండోనేషియా మహిళల జట్టు, తమ సర్వీసులను రిఫరీ పదేపదే తప్పుగా ప్రకటిస్తున్నాడని నిరసిస్తూ మ్యాచ్ మధ్యలో కోర్టు విడిచి వెళ్లిపోయింది. రిఫరీ చెప్పినది ఒప్పో తప్పో నేను తీర్పు ఇవ్వబోను. సర్వీస్ చేసేటప్పుడు టెకాంగ్ పాదం వృత్తపు గీతను తాకిందా లేదా అన్నది రెప్పపాటులో తేలిపోయే విషయం, కింద కూర్చున్న ప్రేక్షకుడికి అది అసలు కనబడదు. కానీ సర్వీసే పాయింట్లను నిర్ణయించే ఆటలో, సర్వీస్ తప్పొప్పుల మీద నమ్మకం పోతే మ్యాచ్ మీదే నమ్మకం పోతుంది. కెమెరా సాయంతో సర్వీస్ వృత్తాన్ని పరిశీలించే ఏర్పాటు పెద్ద పోటీలన్నింటిలోనూ తప్పనిసరి చేయడానికి అంత ఖర్చేమీ కాదు. ఆ వృత్తం వెడల్పు అరవై సెంటీమీటర్లే.

భారత్ విషయానికి వస్తాను, ఎందుకంటే ఈ పరిమితి వల్ల మనకూ లాభమే కదా అని కొందరు అడగవచ్చు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో సెపక్ తక్రాను ప్రదర్శన క్రీడగా ఆడించారు, మన జాతీయ సమాఖ్య కూడా ఆ ఏడాదే ఏర్పడింది. ఆ తర్వాత ఈ ఆటను నిజంగా సొంతం చేసుకున్నది ఈశాన్య రాష్ట్రాలు, అందులోనూ మణిపూర్. ఆసియా క్రీడల్లో తొలి పతకం కోసం 2018 దాకా ఆగాల్సి వచ్చింది. పాలెంబాంగ్‌లో పురుషుల టీమ్ రెగూలో కాంస్యం వచ్చింది. హాంగ్‌జౌలో మహిళల రెగూ జట్టు కాంస్యం తెచ్చింది, ఆ జట్టులో మణిపూర్ అమ్మాయిలదే పెద్ద వాటా. ఈ రెండు సందర్భాల్లోనూ మన జట్లు సెమీఫైనల్లో థాయిలాండ్ చేతిలోనే ఓడిపోయాయి. ఓడిపోయిన తీరు ఏకపక్షంగానే ఉంది, దాచడానికేమీ లేదు. అయినా నా దృష్టిలో ఆ రెండు కాంస్యాలకూ ఒక నిజాయితీ ఉంది: అవి అత్యుత్తమ జట్టు ఆడిన పోటీలో వచ్చాయి, మనకూ వారికీ మధ్య ఉన్న దూరం ఎంతో పాయింట్ల పట్టికలో స్పష్టంగా కనిపించింది. థాయిలాండ్ లేని ఈవెంట్‌లో రజతం వచ్చి ఉంటే ఈ దూరం మనకు తెలిసేది కాదు.

2025 మార్చిలో పట్నాలో జరిగిన ప్రపంచ కప్‌లో భారత పురుషుల రెగూ జట్టు ఫైనల్లో జపాన్‌ను 2-1తో ఓడించి, ఆ టోర్నీలో దేశానికి తొలి స్వర్ణం తెచ్చింది. మొత్తం ఏడు పతకాలు వచ్చాయి, ప్రధానమంత్రి కూడా అభినందించారు. ఈ గెలుపుకు నేను సంతోషించాను, ఎందుకంటే జపాన్‌ను మూడు సెట్లలో ఓడించడం చిన్న విషయం కాదు. 2018 క్వాడ్రంట్ ఫైనల్లో ఇండోనేషియాతో ఆఖరిదాకా పోరాడిన దేశమది. అయితే ఆ వార్తలు చదువుతున్నప్పుడు నన్ను కొంత ఇబ్బంది పెట్టిన విషయం ఏమిటంటే, ఎక్కువ కథనాలు పతకాల లెక్కతో మొదలై పతకాల లెక్కతోనే ముగిశాయి. ఏ దేశం ఏ ఈవెంట్‌లో ఎవరిని పంపింది, మనవాళ్లు ఎవరిని దాటి ఫైనల్‌కు వెళ్లారు, మూడో సెట్‌లో సర్వీస్ ఎలా సాగింది అన్నవాటి గురించి ఒక్క వాక్యం కూడా కనబడలేదు. ఎవరు ఆడతారో, ఎవరు ఆడరో నిబంధనలే నిర్ణయించే క్రీడలో, పాత్రికేయులు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. భద్రతా దళాల్లో ఉద్యోగాలు చేసుకుంటూ సాధన చేసే ఆ ఆటగాళ్లు కూడా తమ గెలుపును ఎవరైనా ఆటగా చర్చిస్తే ఎక్కువ సంతోషిస్తారని నా ఊహ.

మరి థాయిలాండ్‌తో దూరం తగ్గేది ఎలా? పతకాలు పంచితే తగ్గదని పైన చెప్పాను. నాకు కనిపిస్తున్న మార్గం లీగ్. థాయిలాండ్ బలం ఆకాశం నుంచి ఊడిపడలేదు. దేశమంతటా పాఠశాలల్లో ఆట ఉంది, ప్రాంతాల మధ్య వృత్తిపర లీగ్ ఉంది, ఏటా పెద్ద ప్రపంచ పోటీని తన గడ్డ మీదే నిర్వహించే అలవాటుంది. పదిహేనేళ్ల కుర్రాడు వారం వారం మంచి టెకాంగ్‌ల సర్వీసులను ఎదుర్కొంటే అతడి తొలి తాకిడి ఎలా ఉంటుందో, ఏడాదికి రెండు జాతీయ శిబిరాల్లో మాత్రమే అలాంటి సర్వీస్ చూసిన కుర్రాడి తాకిడి ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. మలేసియా ఈ పాఠాన్ని ఆలస్యంగానైనా గ్రహించి 2014లో టెలివిజన్ భాగస్వామ్యంతో సొంత లీగ్ మొదలుపెట్టింది. జపాన్ ఆటగాళ్లలో కొందరు థాయి లీగ్‌కు వెళ్లి ఆడి వచ్చారు. సొంత లీగ్ పెట్టుకునే స్తోమత లేని దేశాలు చేయగలిగిన పని అదే. మణిపూర్ నుంచి ఏటా ఇద్దరు ఫీడర్లనూ ఇద్దరు స్ట్రైకర్లనూ ఒక సీజన్ పాటు బ్యాంకాక్ పంపడానికి అయ్యే ఖర్చు, ఒక అంతర్జాతీయ టోర్నీకి మొత్తం బృందాన్ని పంపే ఖర్చులో చిన్న భాగమే అవుతుంది.

అంతర్జాతీయ సమాఖ్య కూడా ఒకప్పుడు ఇలాంటి ఆలోచనే చేసింది. 2011లో కౌలాలంపూర్‌లో తొలి ప్రపంచ కప్ నిర్వహించి, ఆ ఏడాదే అంచెలంచెలుగా వేర్వేరు నగరాల్లో జరిగే సూపర్ సిరీస్‌ను మొదలుపెట్టింది. టెలివిజన్‌కు తగినట్టు రంగులు మార్చిన కోర్టు, ఎంపిక చేసిన బలమైన జాతీయ జట్లు, ఏడాదిలో పలుమార్లు ముఖాముఖి. దానిలో నాకు నచ్చింది ఒక్కటే: అక్కడ ఎవరూ ఎవరినీ తప్పించుకోలేరు. కొన్నేళ్లకే అది ఆగిపోవడం ఈ ఆటకు జరిగిన పెద్ద నష్టమని ఇప్పటికీ అనుకుంటాను. కింగ్స్ కప్‌లోనైతే బలాన్ని బట్టి జట్లను శ్రేణులుగా విడదీస్తారు. జర్మనీ, స్విట్జర్లాండ్, కెనడా, అమెరికా లాంటి దేశాల జట్లు తమ స్థాయి ప్రత్యర్థులతో ఆడి, గెలిస్తే పైకి వెళతాయి. బలహీన జట్టును కాపాడే పద్ధతి అంటే ఇదే అని నా అభిప్రాయం. ఇందులో ఛాంపియన్‌ను బయట కూర్చోబెట్టాల్సిన అవసరం ఎక్కడా రాదు.

ఒలింపిక్ ఆశ గురించి రెండు మాటలు. ఒకప్పుడు ఒలింపిక్ చార్టర్ ప్రకారం పురుషుల క్రీడ ఏదైనా చేరాలంటే నాలుగు ఖండాల్లో కనీసం 75 దేశాల్లో విస్తృతంగా ఆడుతుండాలి. ఇప్పుడు ఆతిథ్య నగరం కొత్త క్రీడలను ప్రతిపాదించే వీలు వచ్చింది కాబట్టి, ఆగ్నేయాసియాలో ఎప్పుడైనా ఒలింపిక్స్ జరిగితే సెపక్ తక్రాకు తలుపు తెరుచుకోవచ్చు. ఆ ప్రతిపాదన ముందుకు వెళ్లిన నాడు, 'మీ ఖండపు అత్యున్నత పోటీలో ప్రపంచ ఛాంపియన్‌ను మీ నిబంధనే ఎందుకు ఆడనివ్వలేదు' అన్న ప్రశ్నకు ఆసియా సమాఖ్య ఏమని జవాబిస్తుందో నాకు తెలుసుకోవాలని ఉంది.

నా ప్రతిపాదన విప్లవాత్మకమైనదేమీ కాదు. ఆసియా క్రీడల్లో పురుషులకు మూడు, మహిళలకు మూడు స్వర్ణాలు ఉన్నప్పుడు పరిమితి తొలగిస్తే థాయిలాండ్ నాలుగుకు బదులు మహా అయితే ఆరు గెలుస్తుంది. ఆ రెండు స్వర్ణాల తేడా కోసం మొత్తం పోటీ విశ్వసనీయతను తాకట్టు పెట్టనక్కరలేదు. అది మరీ మింగుడుపడకపోతే, రెగూ, టీమ్ పోటీలను మాత్రమే ఉంచి, ఆ రెండింటిలో అందరినీ ఆడనిచ్చి, డబుల్స్‌నూ క్వాడ్రంట్‌నూ ప్రపంచ కప్‌కు వదిలేయవచ్చు. జట్టు పరిమాణం మీద పరిమితి పెట్టడం ఇంకొక దారి: ఒక దేశం ఎన్ని ఈవెంట్లలోనైనా ఆడవచ్చు, కానీ అన్నింటికీ కలిపి ఆటగాళ్ల సంఖ్య ఇంతే అంటే, థాయిలాండ్ కోచ్ కూడా తన స్ట్రైకర్లకు ఏ రోజు విశ్రాంతి ఇవ్వాలో ఆలోచించక తప్పదు. ఆ అలసటలోంచి ప్రత్యర్థికి వచ్చే అవకాశం కోర్టు మీద సంపాదించుకున్నది అవుతుంది.

వీటన్నిటికన్నా ముందు, జపాన్‌లోని ఐచి-నగోయాకు కేటాయించిన 2026 ఆసియా క్రీడల్లోనే చేయగలిగిన చిన్న మార్పు ఒకటుంది. ఆసియా క్రీడల సెపక్ తక్రాలో సెమీఫైనల్లో ఓడిన రెండు జట్లకూ కాంస్యం ఇస్తున్నారు, మూడో స్థానానికి మ్యాచ్ లేదు. భారత్, లావోస్, జపాన్ లాంటి జట్లకు క్రీడల చివరి రోజు, నిండిన హాల్లో, తమకు దాదాపు సమాన బలం ఉన్న ప్రత్యర్థితో ఆడే ఒక మ్యాచ్ విలువ, ఆడకుండా అందుకునే పతకం కన్నా చాలా ఎక్కువ. కాంస్యం కోసం ఆ మ్యాచ్ పెట్టడానికి కావలసింది ఒక కోర్టు, ఒక రిఫరీ, గంటన్నర సమయం.